పాడె దించిన చోట

దుబ్బపేటలో చచ్చిన మనిషిని సాగనంపడానికి కూడా సర్కారు అనుమతి కావలసి వచ్చింది. పెళ్ళికి అనుమతి, పోచమ్మ పండుగకు అనుమతి, ఆఖరికి నలుగురు అరుగు మీద కూర్చుని బీడీ ముట్టిస్తే ఐదోవాడు అటు రాకుండా చూసుకోవాలి. ఊరి మీద నూట నలభై నాలుగో సెక్షన్ పెట్టారు. పక్కనే బాన్సువాడ బస్టాండులో జనం ఒకరినొకరు తోసుకుంటూ తిరుగుతుంటారు, వాళ్ళకు ఆ చట్టం లేదు. దుబ్బపేటకే ఉంది. ఎందుకంటే దుబ్బపేట వాళ్ళు సర్కారును ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా లేవమని కూర్చున్నారు.

ప్రశ్న పెద్దదేమీ కాదు. కెనాల్‌కూ మంజీరకూ మధ్య, రెండు పంటలు పండే మా పొలాల్లోనే మీ ఇథనాల్ ఫ్యాక్టరీ ఎందుకు పెట్టాలి? అంతే. దానికి ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు. ఆ సభను ఊళ్ళో కాకుండా బాన్సువాడలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టి, గేటు దగ్గర పోలీసులను నిలబెట్టి, ఊరివాళ్ళను తప్ప అందరినీ లోపలికి పంపారు. ఊరంతా సంతోషంగా ఒప్పుకున్నదని మర్నాడు పేపర్లో వచ్చింది. అది చదివించుకున్న రోజే ఆడవాళ్ళు కెనాల్ వంతెన దగ్గర టెంటు వేసుకున్నారు. టెంటు పీకేస్తే గొడుగులు పట్టుకుని కూర్చున్నారు. నూట నలభై నాలుగు పెడితే నలుగురేసి చొప్పున, మధ్యలో ఎడం వదిలి కూర్చున్నారు. వాళ్ళను అట్లా కూర్చోబెట్టింది గంగమణి.

ఇప్పుడు ఆ గంగమణి వాకిట్లోనే శవం ఉంది. ఐస్ డబ్బాలో పడుకున్నవాడు ఆమె పెనిమిటి ముత్తెన్న. ఒక తెల్లవారుజామున పోలీసులు తలుపులు తన్ని ఊళ్ళో మగవాళ్ళను ఎత్తుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఎవరికీ చెప్పలేదు. వదిలేసినప్పుడు ముత్తెన్న తన కాళ్ళ మీదే నడిచి వచ్చాడు గానీ, కూర్చుంటే మళ్ళీ లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. నెల తిరక్కుండా నెత్తురు కక్కుకుని పోయాడు. గుండెపోటని పోలీసులు రాసుకున్నారు. గుండె ఉన్నవాళ్ళకే గదా ఆ భయం, రాసినవాళ్ళకేముంది.

ఒక్కడే కొడుకు, సృజన్. బోధన్‌లో డిగ్రీ చదువుతున్నాడు. తండ్రిని వ్యాన్ ఎక్కిస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి అందరికీ పంపాడు. అది చూసి సర్కారుకు ఒళ్ళు మండింది. తన్నినవాళ్ళ మీద కాదు, తీసినవాడి మీద. పిల్లవాడు అప్పటినుంచి నిజామాబాద్ జైల్లో ఉన్నాడు. కొడుకు రానిదే శవాన్ని లేపేది లేదని గంగమణి పట్టుబట్టి కూర్చుంది. అందుకే ఆ పొద్దున సీఐ స్వయంగా ఆమె వాకిట్లోకి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"చూడమ్మా, పైనోళ్ళు అసలు ఒప్పుకోలేదు. నేను బతిమాలితే సాయంత్రం దాకా ఎస్కార్ట్‌తోని పంపిస్తున్నరు. నీ కొడుకు చేతుల మీద కార్యం కావాల్నా వద్దా?"

"కావాలె సార్."

"అయితే నా మాట వినాలె. డప్పుల్లేవు, నినాదాల్లేవు. ఇంటి కాడ లేపితే సీదా మంజీర ఒడ్డుకే. నడుమ ఎక్కడ ఆగొద్దు."

"నడుమ ఆగకుంటే ఎట్ల సార్? దింపుడు కల్లం ఉంటది గదా."

సీఐకి తెలియక కాదు. ఈ ప్రాంతంలో దింపుడు కల్లం తెలియని ఇల్లు లేదు. శ్మశానానికి పోయే దారిలో ఒకచోట పాడెను నేల మీద దించుతారు. సొంతవాళ్ళు చెవి దగ్గరకు వంగి మూడుసార్లు పిలుస్తారు. కొన ఊపిరి ఎక్కడైనా దాక్కుని ఉంటే పలుకుతాడని ఆశ. ఇంతవరకు పలికినవాడు లేడు, అయినా పిలవకుండా ఎవరినీ కాల్చలేదు. దుబ్బపేటకు ఆ చోటు కెనాల్ వంతెన దాటగానే వచ్చే మూలమలుపు. కంపెనీవాళ్ళు సరిగ్గా ఆ మూలమలుపులోనే గేటు పాతారు. ఆడవాళ్ళు రోజూ కూర్చునేది ఆ గేటు ముందే. వాళ్ళు కూర్చున్నందుకే ఇంతవరకు ఒక్క యంత్రం కూడా గేటు దాటి పొలంలోకి దిగలేదు.

"గీ ఒక్కసారికి వద్దమ్మా," అన్నాడు సీఐ, ఆమె ముఖంలోకి చూడకుండా. "గేటు ముంగట ఆగితే ధర్నా అంటరు. ఆగిన్రంటే పిల్లగాణ్ణి అక్కడ్నుంచే వాపసు తీస్కపోతా. ఆ తర్వాత నన్ననొద్దు."

గంగమణి ఐస్ డబ్బా వైపు చూసింది. ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషి, కలెక్టర్ ముందు కూడా గొంతు తగ్గించని మనిషి. ఆ క్షణాన ఆమెకు ఊరు గుర్తుకు రాలేదు, పొలం గుర్తుకు రాలేదు. తండ్రి చితికి నిప్పు పెట్టకుండా కొడుకును జైలుకు పంపితే వాడు జన్మంతా ఆ భారం మోస్తాడన్న ఒక్కటే కనబడింది.

"ఆగం సార్," అంది.

గోడవారన నిలబడిన సాయాగౌడ్‌కు ఈ మాట నచ్చలేదు. అతను గ్రామాభివృద్ధి కమిటీ పెద్ద. ఈ వైపు ఊళ్ళల్లో సర్పంచ్ మాట కన్నా కమిటీ మాటే పైన. పెళ్ళి గొడవ నుంచి గొర్రె పోయిన కేసు దాకా కమిటీ తీర్మానం చేస్తే దానికి తిరుగులేదు. "కమిటీని ఒక మాట అడగకుంట ఒప్పుకుంటివేంది గంగమణీ," అని గొణిగి, ఊరుకున్నాడు.

వాకిలి బయట, రోడ్డుకు అవతల, మరొక మనిషి ఒంటరిగా నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో ఒక పూలదండ. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అనకూడదు. ఆమె పేరు సీతారావమ్మ. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని తీర్మానం ఉంది.

సీతారావమ్మది క్యాంపు. నిజాంసాగర్ నీళ్ళు పారిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబాలు ఉండే వాడ అది. మనవళ్ళకు మనవళ్ళు పుడుతున్నా దాన్ని ఇంకా క్యాంపు అనే అంటారు, ఊరు అనరు. అయినా గంగమణి పొలమూ ఆమె పొలమూ ఒకే తూము కింద ఉన్నాయి. ఇరవై ఏళ్ళు ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని సద్ది తిన్నారు. గంగమణి పచ్చి బాలింతగా ఉన్నప్పుడు సృజన్‌కు నీళ్ళు పోసింది సీతారావమ్మే.

పోరాటం మొదలయ్యాక ఆమె మనవడు దిలీప్‌ను కూడా పోలీసులు పట్టుకుపోయారు. వాడికి తల్లీ తండ్రీ లేరు, నానమ్మే అన్నీ. మలుపు పక్క పొలం నీదే గదా, సంతకం పెట్టు, సాయంత్రానికి పిల్లవాడు ఇంట్లో ఉంటాడని కబురు పంపారు. సీతారావమ్మ సంతకం పెట్టింది. పిల్లవాడు ఇంటికొచ్చాడు. ఆ పొలం మీదుగానే కంపెనీకి దారి దొరికింది, గేటు లేచింది.

ఆ సాయంత్రం కమిటీ కూర్చున్నప్పుడు అందరికన్నా ముందు నోరు తెరిచింది గంగమణే. "మనుమడు జైలుకు పోయిండని ఊరి కడుపు కొడ్తవా పెద్దమ్మా? మా పిల్లలు పిల్లలు కారా? వాళ్ళు లోపల లేరా?" అని నిలదీసింది. సాయాగౌడ్ తీర్మానం చేయించాడు. ఆమెతో మాట్లాడొద్దు, కూలికి పోవద్దు, దుకాణంలో ఉప్పు కూడా అమ్మొద్దు, దగ్గర కూర్చోవద్దు. తప్పినవాళ్ళకు అదే శిక్ష. ఊరంతా చాటింపు వేశారు.

ఊరు మాట మీద నిలబడింది. పోలీసులకు లొంగనివాళ్ళు తమ తీర్మానానికి మాత్రం అంగుళం తప్పలేదు. ఆ కార్తెలో సీతారావమ్మ మిగిలిన మడికి నాటు వేయడానికి ఒక్కరూ రాలేదు. నారు మడిలోనే ముదిరి, కణుపులు పట్టి, చివరకు మేకలు మేశాయి. పక్క పొలం నుంచి గంగమణి చూస్తూనే ఉంది. మనసు చివుక్కుమనకపోలేదు. కానీ ఒకరిని వదిలేస్తే రేపు పదిమంది సంతకం పెడతారని తనకు తనే చెప్పుకుంది. ఆ మాట అబద్ధమూ కాదు, అదే చిక్కు.

మధ్యాహ్నం దాటాక జైలు వ్యాన్ వచ్చింది. సృజన్ దిగాడు. మనిషి సగమయ్యాడు. రెండు చేతులకూ బేడీలు, వాటి గొలుసు కొస ఒక కానిస్టేబుల్ చేతిలో. తల్లిని పట్టుకోబోతే కానిస్టేబుల్ కూడా రెండడుగులు ముందుకు రావలసి వచ్చింది. గంగమణి కొడుకు ముఖం రెండు చేతులతో తడిమి, ఏడుపు ఆపుకోలేక, "మీ నాయిన నిన్ను అడిగిండురా, ఆఖరుకు నిన్నే అడిగిండు," అంది. అక్కడున్న ఆడవాళ్ళంతా బావురుమన్నారు. సీఐ గడియారం చూసుకున్నాడు.

పాడె లేచింది. డప్పు లేదు. దుబ్బపేటలో డప్పు లేకుండా పోయిన మొదటి శవం ముత్తెన్నదే. చెప్పుల చప్పుడు తప్ప మరో చప్పుడు లేకుండా ఊరంతా నడిచింది. పైన పోలీసుల డ్రోన్ ఒకటి గుయ్యిమంటూ వెంట వచ్చి, కెనాల్ దాకా వచ్చాక ఎటో పోయింది. అందరికీ వెనకాల, కావాలని ఎడం వదిలి, సీతారావమ్మ ఒక్కతే నడుస్తోంది. ఆమె తెచ్చిన దండ ఇంకా సంచీలోనే ఉంది.

వంతెన దాటారు. ఆగొద్దని మోసేవాళ్ళకు గంగమణి ఇంటి దగ్గరే చెప్పింది. ముందు భుజం పట్టిన పోశెట్టికి, ముత్తెన్న పినతండ్రి కొడుకుకు, రెండుసార్లు చెప్పింది. అయినా ఏం లాభం? పోశెట్టి మీసం వచ్చిన నాటి నుంచి ఊళ్ళో ప్రతి పాడె మోశాడు, ప్రతి పాడెనూ ఆ మూలమలుపులో దించాడు. అక్కడికి రాగానే నలుగురి మోకాళ్ళూ ఒక్కసారిగా వంగాయి. పాడె నేలను తాకింది. తాకాక గాని వాళ్ళకు తెలివి రాలేదు.

"అయ్యో వదినే," అన్నాడు పోశెట్టి. "మర్సిపోయినమే."

సీఐ ఈల వేశాడు. కానీ అప్పటికే సృజన్ మోకాళ్ళ మీద కూలబడి, కానిస్టేబుల్‌ను కూడా సగం వంచి, తండ్రి చెవి దగ్గర నోరు పెట్టాడు.

"నాయినా," అని పిలిచాడు.

పిలిచాక ఆగి వినడం ఆచారం. అందరూ ఆగి విన్నారు. డప్పులుంటే ఏమీ వినబడకపోయేది. డప్పులు వద్దన్నది సీఐనే కాబట్టి ఆ నిశ్శబ్దంలో, గేటుకు ఎడమవైపున్న చెరకు తోట వెనకాల నుంచి, ఇంజన్ల చప్పుడు స్పష్టంగా వినబడింది. ఒకటి కాదు, నాలుగైదు. పోశెట్టి గట్టెక్కి చూశాడు. చెరకు చాటున జేసీబీలు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు సీట్లలో కూర్చుని ఉన్నారు. వాటి వెనక రెండు వ్యాన్ల నిండా పోలీసులు.

ఊరంతా మంజీర ఒడ్డుకు పోతే, గేటు దగ్గర ఒక్కరు కూడా ఉండరు. కొడుకును పంపిస్తున్నది దయతో కాదు. చితి ఆరేలోపు పొలాలు దున్నేయడానికి. అర్థం కావడానికి ఎవరికీ ఎంతోసేపు పట్టలేదు.

"ఎత్తుండ్రి," అని అరిచాడు సీఐ. "ఇగ ఎత్తుతరా, పిల్లగాణ్ణి వ్యాన్ ఎక్కియ్యాల్నా?"

"ఎత్తొద్దు," అన్నాడు సాయాగౌడ్. "పాడె ఇక్కడ్నే ఉండాలె. ముత్తెన్న దీనికోసమే సచ్చిండు. శవాన్ని దాటుకోని ఎవడు పోతడో చూస్తం." సాయాగౌడ్ కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చల్లగా ఉన్నాడు. అందుకే ఆ మాట అంత సులువుగా వచ్చింది. కానీ అతను చెప్పింది తప్పని ఎవరూ అనలేరు. శవం అక్కడుంటే యంత్రాలు కదలవు.

అందరూ గంగమణి వైపు చూశారు. మూడు నెలల కిందట కమిటీ ముందు ఆమె ఏమన్నదో ఊరంతటికీ గుర్తుంది. మా పిల్లలు పిల్లలు కారా అన్నది. ఇప్పుడు ఆమె కొడుకు వైపు చూసింది.

"నీ ఇష్టం అమ్మా," అన్నాడు సృజన్. ఇరవై ఏళ్ళ వాడు చిన్నపిల్లవాడిలా అయిపోయాడు. "నాయినకు నేనే పెడ్తనమ్మా నిప్పు."

గంగమణి కళ్ళు మూసుకుంది. "ఎత్తుండ్రి," అంది.

పోశెట్టి వాళ్ళు పాడె ఎత్తారు. మిగిలిన రెండుసార్లు పిలవనే లేదు. సాయాగౌడ్ నేల మీద ఉమ్మేశాడు. అప్పుడే వెనక నుంచి సీతారావమ్మ వచ్చింది. జనం ఆమెకు తగలకుండా పక్కకు తప్పుకుంటే దారి అదే ఏర్పడింది. ఆమె తిన్నగా గేటు ముందుకు పోయి, పాడె దించిన చోట, చల్లిన పేలాల మధ్య, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడే వీలు లేదు గదా, అందుకని చచ్చినవాడితో మాట్లాడింది.

"నువ్వు వెళ్ళు నాయనా ముత్తెన్నా. పిల్లాడి చేత నిప్పు పెట్టించుకో. ఇక్కడ నేనుంటాలే."

ఎవరూ కదల్లేదు. రోజారాణి ఒక్కతే, గంగమణి పక్కింటి పడుచు, టెంటు వేసిన రోజు నుంచి ఆమె వెంటే ఉన్న పిల్ల, ఒక అడుగు ముందుకు వేసింది. సాయాగౌడ్ వైపు చూసింది. దగ్గర కూర్చోవద్దన్నది తీర్మానం. తర్వాత గంగమణి వైపు చూసింది. గంగమణి కూర్చోండి అంటే చాలు, రోజారాణి కూర్చునేది, ఆమె వెనక ముప్పై మంది కూర్చునేవాళ్ళు. ఆ మాట గంగమణి నోటిదాకా వచ్చింది. సీఐ చెయ్యి సృజన్ భుజం మీద ఉంది. గంగమణి ముఖం తిప్పుకుని పాడె వెంట నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు మాట్లాడదాం, ముందు ఇది కానీ అనుకుంది. జనంలో సగం ఆమె వెంట నడిచారు. సగం కెనాల్ కట్ట మీదే నిలబడిపోయారు.

మంజీర ఒడ్డున సృజన్‌కు బేడీ ఒక చేతికే తీశారు. రెండో చేతిది తీయడానికి పైనుంచి ఆర్డర్ లేదన్నారు. నీళ్ళ కుండ భుజాన పెట్టుకుని పిల్లవాడు చితి చుట్టూ తిరుగుతుంటే కానిస్టేబుల్ కూడా వాడి వెంట తిరగవలసి వచ్చింది. ఆ కానిస్టేబుల్ కూడా ఒక తండ్రికి కొడుకే. మొదటి చుట్టుకు ముందే ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి పక్కన పెట్టాడు. మూడు చుట్లు అయ్యాయి. సృజన్ ఒక చేత్తో నిప్పు పెట్టాడు. కట్టెలు అంటుకుంటున్నప్పుడు గాలి మలుపు వైపు నుంచి వీస్తోంది. ఆ గాలిలో ఇంజన్ల చప్పుడు ఒక్కసారిగా పెరగడం గంగమణికి వినబడింది. కొడుకుకూ వినబడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కపాలం పగలకముందే పిల్లవాణ్ణి వ్యాన్ ఎక్కించారు.

ఆమె తడిచీరతో మలుపు దగ్గరకు తిరిగి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. యంత్రాలు లోపల తూము దాకా పోయాయి. తను ఇరవై ఏళ్ళు సద్ది తిన్న గట్టు లేదు. సీతారావమ్మ కూర్చున్న చోట ఆమె చెప్పు ఒకటి, పూలదండ ఉన్న ప్లాస్టిక్ సంచీ పడి ఉన్నాయి. ఆడవాళ్ళు కట్ట మీద అట్లాగే నిలబడి ఉన్నారు.

"ఏమైంది?" అంది గంగమణి.

రోజారాణి తల ఎత్తలేదు. "నలుగురు పట్టి లేపిండ్రక్కా. లేవనన్నది. లేపి అటు ఇసిరిండ్రు. బొక్క ఇరిగిన సప్పుడు ఈడిదాక ఇనొచ్చింది. దవాఖానకు తీస్కపోయిండ్రు."

"మీరేం చేస్తుండ్రు?"

"తీర్మానం గదక్కా," అంది రోజారాణి. "నువ్వు గూడ ఏం జెప్పకపోతివి."

ముసలిదాన్ని కొట్టొద్దని అరవడం కూడా ఆమె పక్షాన మాట్లాడినట్టే అవుతుందని ఇంతమందీ నోరు మూసుకుని నిలబడ్డారు. గంగమణికి తిట్టడానికి ఎవరూ దొరకలేదు. వీళ్ళకు ఇంత క్రమశిక్షణ నేర్పింది తనే. సర్కారు అంతమంది పోలీసులను పెట్టి చేయలేని పనిని దుబ్బపేట తనకు తనే చేసి పెట్టింది. ఆమె కింద పడి ఉన్న చెప్పు తీసుకుని, ఇంటికి పోకుండా, ఆటో ఎక్కింది. మైలపడ్డ మనిషి పది రోజులు గడప దాటకూడదు. ఆ సంగతి ఎవరూ ఆమెకు గుర్తు చేయలేదు, ఆమె ముఖం అట్లా ఉంది.

బాన్సువాడ దవాఖానలో మంచం పక్కన ఒక మహిళా కానిస్టేబుల్ కూర్చుని ఉంది. సర్కారు పనికి అడ్డం వచ్చిందని సీతారావమ్మ మీద కేసు. తుంటి ఎముక విరిగింది. మనవడు దిలీప్ మందులకు పోయాడు. గంగమణి మంచం కాళ్ళ దగ్గర కింద కూలబడింది. మూడు నెలల తర్వాత మొదటి మాట ఎట్లా మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

"పెద్దమ్మా," అంది చివరకు.

సీతారావమ్మ కళ్ళు తెరిచింది. "పిల్లాడు నిప్పు పెట్టాడా?" అని అడిగింది.

"పెట్టిండు."

"బేడీలు తీశారా?"

"ఒక చేతికి తీసిండ్రు."

సీతారావమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుంటి విరిగినప్పుడు కూడా ఏడవలేదట, కానిస్టేబుల్ తర్వాత చెప్పింది. "ఒంటి చేత్తో పెట్టాడా నా తండ్రి," అంది.

గంగమణి ఇక ఆపుకోలేకపోయింది. "నీ నారు మేకలు మేస్తుంటే చూసుకుంట ఊకున్న పెద్దమ్మా. నీకు ఉప్పు పుట్టకుంట చేసిన. నువ్వెందుకు కూసున్నవే మా కోసం? ఎందుకు కూసున్నవ్?"

"నా పిల్లాడు ఇంట్లో ఉన్నాడు కదే," అంది సీతారావమ్మ, అదేదో అడగవలసిన ప్రశ్నే కాదన్నట్టు. "నీ పిల్లాడు లోపల ఉన్నాడు. నువ్వెట్టా కూర్చుంటావ్? కూర్చునేదాన్ని నేనే కదా." కానిస్టేబుల్ వైపు చూసి అంది. "ఒక్కదాన్ని కాబట్టి లేపారమ్మాయ్. ఇంకో నలుగురుంటే చేతులకు బరువయ్యేవాళ్ళం."

గంగమణి దవాఖాన నుంచి బయటికి రాకముందే ఊళ్ళో కబురు తెలిసిపోయింది. సాయాగౌడ్ ఫోన్ చేశాడు. ఆమెతో మాట్లాడినవట, పాడె ఎత్తుమన్నదీ నువ్వే, కమిటీ కూర్చుంటున్నది, వచ్చి తప్పు ఒప్పుకో అన్నాడు. "తప్పు చేసిన. అది నీ కమిటీ కాడ ఒప్పుకునేది కాదన్నా," అని ఫోన్ పెట్టేసింది. చీకటి పడేలోపు ఆమె మీద కూడా తీర్మానం అయింది.

తెల్లవారింది. ముత్తెన్న బూడిద ఇంకా చల్లారలేదు. గంగమణి ఎవరినీ పిలవకుండా, ఇంట్లో దీపం కూడా సర్దకుండా, నడిచి పోయి గేటు ముందు, నిన్న పాడె దించిన చోటే కూర్చుంది. యంత్రాలు లోపలికి పోయాయి సరే, ఇంకా సిమెంటు లారీలు రావాలి, ఇనుము రావాలి. ఊరు ఇంకా ఉంది. కెనాల్ అవతల కట్ట మీద ఆడవాళ్ళు ఒక్కొక్కరే పోగయ్యారు. వాళ్ళ ముందు సాయాగౌడ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"రోజారాణీ," అని పిలిచింది గంగమణి. "రాండ్రే. నా మీద కోపం తర్వాత తీర్చుకోండ్రి. ఇప్పుడు రాండ్రి."

ఎవరూ పలకలేదు. పలకకూడదని వాళ్ళకు తెలుసు. రోజారాణి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

పోలీసులు వచ్చారు. సీఐ ఈసారి కుర్చీ అడగలేదు. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు గంగమణిని చెరొక రెక్క పట్టుకుని లేపారు. ఆమె కాళ్ళు ఈడ్చింది. వాళ్ళు ఎత్తుకున్నారు. ఒక్క మనిషి బరువు వాళ్ళకు లెక్కలోనిది కాదు. వ్యాన్‌లో పడేసి, తలుపు వేసి, అద్దాలు ఎక్కించారు.

వ్యాన్ కదిలింది. గంగమణి లేచి వెనక కిటికీ జాలీ పట్టుకుని చూసింది. వంతెన మీద ఎవరో పరుగెత్తుతున్నారు. రోజారాణి. సాయాగౌడ్ చెయ్యి విదిలించుకుని, చెప్పులు వదిలేసి, వంతెన దాటి వచ్చి, గంగమణిని లేపిన చోట చతికిలబడింది. ఒక్కతే. వెనక కట్ట మీద అందరూ నిలబడి ఆమెను చూస్తున్నారు. మలుపులో ఆగి ఉన్న రెండో వ్యాన్ తలుపు అప్పుడే తెరుచుకుంటోంది.

"ఒక్కదానివి రాకే!" అని గంగమణి గొంతు చించుకుంది. జాలీ మీద రెండు చేతులతో బాదింది. "అందర్ని తీస్కరా, అందరు ఒక్కసారి రాండ్రి!"

అద్దాలు మూసి ఉన్నాయి. ఆ అరుపు వ్యాన్‌లో ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళకు తప్ప ఎవరికీ వినబడలేదు.